ఎదుటివాడి చొక్కా

నా బంగారు అక్కకి,

నీమీద అలిగి రాయడం లేదు. అలిగిన మాట నిజమే గానీ, రాస్తున్నది అందుకు కాదు. ఈ నెలాఖరుకి పని మానేస్తున్నాను. అమ్మకంటే ముందు నీకే చెబుతున్నాను.

మాటలూ చేతులూ నిదానంగా వచ్చే పిల్లల కోసం, ఆడుతూ నేర్చుకునే వస్తువులు తయారుచేస్తానని అందరికీ గొప్పగా చెప్పుకు తిరిగినదాన్ని. చెక్క చట్రానికి రెండు గుడ్డముక్కలు బిగించి, ఒకదానికి లావుపాటి బొత్తాలు కుట్టి, రెండోదానికి కాజాలు తీసి, అంచులు గరుకు లేకుండా అరగదీసి ఆ పలకని నీ కొడుకు కోసమే చేశాను. మా పనిగదిలో మన బుడంకాయ నాలుక బయటపెట్టి ఒక్కో బొత్తామే ఎక్కించి, చివరిది పడగానే బల్ల మీద దరువేశాడు. నాకు ఏనుగెక్కినంత సంబరం.

ఇంటికెళ్ళాక తన చొక్కాకి ఒక్కటీ పెట్టుకోలేక ఏడ్చాడు. అప్పుడు నువ్వు ఫోన్లో, "బల్ల మీద బొత్తాలు పెడితే వాడికి ఒరిగేదేంటే? ఇంక నాకు ఆశలు పెట్టకు" అన్నావు. నిజం కాబట్టే ఆ మాట అంత నొప్పెట్టింది. ఎంతమంది తల్లులు మొహమాటానికి నా పలక బాగుందన్నారో తలుచుకుంటే తల కొట్టేసినట్టుంది. అట్టపెట్టెల కంపెనీలో బొమ్మలు గీసే ఉద్యోగం ఉందట. అక్కడ నావల్ల ఎవరూ ఏడవరు.

నీ చెల్లెలు

ఒసేయ్ చెల్లీ,

ఆ రోజు నోరు జారాను. వాడి ఏడుపు చూడలేక, అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు నీమీద పడ్డాను.

నిన్న పొద్దున మీ బావ చొక్కా తగిలించుకుని, బొత్తాలు పెట్టుకోకుండానే కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. బుడంకాయ ఎదురుగా వెళ్ళి నిలబడి కింది బొత్తాం పట్టుకున్నాడు. ఆయన ఏదో అనబోతే సైగ చేసి ఆపాను. ఒక్కొక్కటే అన్నీ పెట్టేసి, ఆయన పొట్ట మీద దరువేశాడు! టీ చల్లారిపోయింది, మనిషి కదల్లేదు. "నా కొడుకు నన్ను తయారుచేశాడే" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత వాడి చొక్కా తొడిగితే మళ్ళీ తికమకే. ఇదేం చోద్యమో నువ్వే తేల్చు.

పుట్టినప్పటినుంచీ వాడికి అందరం చేసిపెట్టేవాళ్ళమే. వాడూ ఒకరికి చేసిపెట్టగలడని కన్నతల్లినైన నాకే తట్టలేదు. సంతోషంతో పాటు సిగ్గు కూడా వేసింది. అట్టపెట్టెల దగ్గరికి వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతాను.

నీ అక్క

అక్కా,

నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియడం లేదు. బల్ల మీద పెట్టిన పలకంటే ఎదురుగా ఉన్న మనిషి చొక్కా లాంటిదే! అదే మన ఒంటి మీదికొస్తే, పలక మీద ఎడమవైపు కనబడే బొత్తాలు కుడివైపుకి మారిపోతాయి. ఇన్నాళ్ళూ పిల్లలకి ఇంకొకరి చొక్కా సర్దడమే నేర్పాను. మాలో ఒక్కరమైనా ఆ పలకని గుండెలకి ఆనించుకుని చూస్తేగా!

చట్రం తీసేసి, మెడకి తగిలించుకునేలా కొత్తది కుట్టి పంపుతున్నాను. పాతదాన్నీ మానను, పనినీ మానను. కొత్తది పట్టుబడటానికి ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు పట్టనీ, వాణ్ణి తొందరపెట్టకు. ఈలోగా బావని రోజూ బొత్తాలు విప్పుకుని వాడి ముందు నిలబడమను, ఆఫీసుకి ఆలస్యమైనా సరే.

నీ చెల్లెలు