బీరువా కింద రాసిన పేరు

మస్కట్ నుంచి,

పెద్దక్క గంగవ్వకు, నీ కాళ్లకు మొక్కి చెల్లెలు పద్మ రాస్తున్నది.

అక్కా, నేనిక్కడ బాగున్నాను. వేళకు తింటున్నాను, ఒంట్లో ఏ నలతా లేదు, నా గురించి బెంగ పెట్టుకోకు. నువ్వెలా ఉన్నావు? బావ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఆ నొప్పి పనికి పోవలసిన పొద్దున ఎక్కువవుతుందనీ, నువ్వు పోచంపాడ్ చేపలు వండిన నాడు అసలే ఉండదనీ నాకు తెలుసు. అయినా మరీ మరీ అడిగానని చెప్పు. నా బిడ్డ సహస్ర ఎలా ఉంది? నీకు అక్షరాలు రావు కాబట్టి ఈ ఉత్తరం చదివి వినిపించేది అదే. తన గురించి తననే చదవమంటున్నానని ఇప్పుడు పళ్లు బయటపెట్టి నవ్వుతూ ఉంటుంది. నవ్వనీ.

చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని బావ అంటాడు. ఫోనులో నాకు సగం మాటలే వస్తాయక్కా. నీ గొంతు వినగానే ఏడుపొస్తుంది. నువ్వు "ఏమైందే?" అంటావు. నేను "ఏం లేదక్కా, గంతే" అంటాను. అంతటితో అయిపోతుంది. ఈసారి చెప్పవలసిన మాట పెద్దది. నేను పనిచేసే ఇంట్లో కారు నడిపే ఇందల్వాయి రాజన్న సెలవు మీద వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. సంచిలో ఖర్జూరాలు, బావ మోకాళ్లకు తైలం, సహస్రకు పెన్నులు ఉన్నాయి. ఖర్జూరాలు బావ కంటపడకుండా దాచు.

ఇక్కడ చలి పోయి అప్పుడే ఎండ మొదలైంది. పని ఎప్పటిలాగే. ముసలమ్మను లేపి, స్నానం చేయించి, మందులు వేసి, కుర్చీలో కిటికీ దగ్గర కూర్చోబెడతాను. ఆమెకు నా పేరు నోరు తిరగదు, "బద్మా, బద్మా" అంటుంది. మనసు మంచిది. పోయిన వారం ఆమెకు దగ్గు పట్టుకుంటే పాలలో పసుపు వేసి ఇద్దామని డబ్బా మూత తీశాను. అక్కా, అది పసుపా! రంగు తప్ప వాసన లేదు. "మా ఆర్మూర్ల పసుపు బస్తా దులిపినా దీనికంటె మంచిది వస్తది" అని తెలుగులోనే తిట్టాను. ముసలమ్మ ఏమర్థమైందో గాని బుద్ధిగా తలూపింది. రాజన్న తిరిగొచ్చేటప్పుడు నాలుగు కొమ్ములు పంపు. మరిచిపోకు.

ఆ డబ్బా మూత తీసిన కాడి నుంచి నా మనసు మనసులో లేదు. ఇది అక్కడ పసుపు ఉడికే కాలం కదా. పొద్దంతా కొమ్ములు వేరు, గుండ్రటి గోళ వేరు చేసి నువ్వు మోచేతుల దాకా పచ్చగా ఇంటికొస్తావు. ఎంత తోమినా పోదు. నువ్వు పట్టుకున్న చెంబు మీద, తలుపు మీద, సహస్ర బుగ్గ మీద నీ అయిదు వేళ్లూ పడతాయి. ఏర్గట్ల దగ్గరి మన చేనులో నాయిన పసుపు ఉడకబెట్టిన రోజులు గుర్తున్నాయా? మనిద్దరం ఆయన చూడకుండా గెనుసుగడ్డలు ఆ కడాయిలో వేసేవాళ్లం. పచ్చగా, చేదుగా ఉడికేవి. అయినా ఊదుకుంటూ తినేవాళ్లం. నాయిన చూసి కూడా చూడనట్టు కట్టెలు ఎగదోసేవాడు. ఆ పొగ వాసన ఇప్పుడు ఎవరైనా సీసాలో పోసి ఇస్తే నా నెల జీతం ఇచ్చేస్తాను.

విత్తనం కొమ్ములను మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. నీడన కుప్ప పోసి, ఆకు కప్పి, మట్టి మెత్తి, రోజూ చూసుకునేవాడు. ధర ఎంత పలికినా సరే. "గిది అమ్మేది గాదు బిడ్డా, పెట్టేది" అనేవాడు. ఆ చేనులోంచే ఇరవై గుంటలు నా పెళ్లికి పసుపు కుంకుమల కింద ఇచ్చి, నా పేరు మీద పట్టా చేయించాడు. నా సంసారం చెడింది దాని దగ్గరే. ఆ భూమి అమ్మి ఇంటి మీద ఇంకో అంతస్తు వేద్దామని రాజేందర్ పట్టుబట్టాడు, నేను ససేమిరా అన్నాను. మాటకు మాట పెరిగింది. ఆయన చెయ్యెత్తాడు, నేను సహస్రనెత్తుకుని నీ ఇంటికొచ్చాను. ఇదంతా నీకు తెలిసిందే. తెలియని సంగతికి వస్తున్నాను, జర ఓపిక పట్టు.

మూడేళ్ల కింద వాళ్ల ఊళ్లో పెద్దమనుషులు కూర్చున్న రోజు గుర్తు తెచ్చుకో. చాపలు పరిచారు, చాయ్ పోశారు, స్టాంపు కాగితం మీద రాశారు. ఇల్లు రాజేందర్‌కు. మంచం, బిందెలు, బీరువా పద్మకు. దాని కింద, పిల్ల: పన్నెండేళ్లు నిండేదాకా తల్లి దగ్గర, ఆ తర్వాత తండ్రి దగ్గర, ఆడపిల్ల పెళ్లి తండ్రి గడప నుంచే జరగాలి కనుక. ఇరవై గుంటలు దున్నుకునేది రాజేందర్. పద్మ తిండికి బట్టకు ఏమీ అడగకూడదు. ఇద్దరూ ఇక భార్యాభర్తలు కారు. కోర్టుకెక్కిన వాళ్లతో ఊరు మాట్లాడదు. "పెద్దలు రాసిండ్రంటె గదే కోర్టు, పెట్టవే సంతకం" అన్నావు నువ్వు. నీ తప్పేం లేదక్కా, నేనూ అట్లాగే అనుకున్నాను. మన దిక్కు ఊళ్లలో పెద్దలు రాస్తే ఇంకో కాగితం అడిగిన వాళ్లెవరున్నారు? సంతకం పెట్టి, విడాకులైపోయాయనుకుని, కొన్నాళ్లకు విమానమెక్కాను.

ఈ వానాకాలం సహస్రకు పన్నెండు నిండుతాయి. రాజేందర్ పోయిన నెల నీకు ఫోను చేసి, "మిరుగం కార్తె దాటినంక వచ్చి పిల్లను తోల్కపోత" అన్నాడని నువ్వే చెప్పావు.

ఆ తర్వాతి శుక్రవారం సహస్ర నాతో మాట్లాడింది. బీరువాలో ఆ కాగితం తీసి చదివిందట. ఏడవలేదు, అరవలేదు, లెక్కల్లో అనుమానం అడిగినట్టు అడిగింది. "అమ్మా, గా కాయితం మీద బీరువ కింద నా పేరున్నది. నన్ను గూడ పంచుకున్నరా?"

ఛార్జింగ్ అయిపోయిందని చెప్పి ఫోను పెట్టేశాను. ఛార్జింగ్ నిండా ఉంది. ఆ అబద్ధానికి నా మీద నాకే అసహ్యం వేసింది.

నా మొహం చూసి రాజన్న అడిగితే అంతా చెప్పాను. వాళ్ల అన్న కూతురు నిజామాబాద్ కోర్టులో వకీలు. ఆ అమ్మాయికి నా ఫోనులో ఉన్న ఆ కాగితం ఫోటో పంపి మాట్లాడాను. నాకంటే చాలా చిన్నది, కానీ నన్ను బాగా తిట్టింది.

"అక్కా, కోర్టు ఇస్తేనే విడాకులు. మా కులంల గిట్లనే ఇడిపోతరు అని ఆచారం రుజువు చేస్తె గది వేరే సంగతి. ఉత్త గీ కాయితానికి మీ లగ్గం తెగలే" అన్నది.

తిండికి అడగనని రాసిచ్చాను కదా అన్నాను. "నీ సంగతి అట్లుంచు. నీ బిడ్డ బువ్వ నువ్వెట్ల ఇడిసిపెడ్తవక్కా? అది నీది గాదు గద. తండ్రి సాదాలె, గది పిల్ల హక్కు" అన్నది.

ఇంటిలో సగం నాదే కదా అని గట్టిగా అడిగాను. నవ్వింది. "సినిమాలల్ల చూసినవా? మన దగ్గర సగం సగం కానూన్ లేదు. ఇల్లు ఎవల పేరు మీదుంటే వాళ్లదే. నీ పైసలు పెట్టినవంటే రుజువులు తియ్యాలె. కని మీ నాయినిచ్చిన భూమి, నీ ఒంటి మీది బంగారం నీవే. దున్నుకునుడు వేరు, ఆయనదైపోవుడు వేరు" అన్నది.

పిల్ల మాట వచ్చేసరికి గొంతు తగ్గించింది. "పెద్దలు పన్నెండు అని రాస్తె జడ్జి ఒప్పుకోవాల్నని ఏం లేదు. పిల్లకు ఏది మంచిదో చూస్తరు. జర పెద్దపిల్ల గద, తమ రూముకు పిలిచి అడుగుతరు. కని అక్కా, నువ్వు మస్కట్ల ఉండుకుంట, పిల్ల నా దగ్గరనే ఉండాలె అంటే, ఏ దగ్గర అని అడుగరా?"

ఆ మాట నన్ను కోసేసింది. కోసినా నిజమే కదా. నీ దగ్గర ఉందంటే నా దగ్గర ఉన్నట్టే అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. దానికి జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయింది నువ్వు. జడ వేసింది నువ్వు. పైసలు పంపి తల్లిననుకున్నాను.

అందుకని నిర్ణయించుకున్నాను. వేసవిలో నా ఒప్పందం ముగుస్తుంది, మళ్లీ రాయను. ముసలమ్మ కొడుకుకు చెప్పేశాను. ముసలమ్మ రెండు రోజులు నా చేతి మందు మింగలేదు. మూడో రోజు తనే నా తల మీద చెయ్యి పెట్టి ఏదో దీవించింది. మిరుగానికి ముందే వస్తాను. వకీలమ్మ కోర్టులో దరఖాస్తు వేస్తుంది. బతుకుతెరువంటావా, ఇరవై గుంటలున్నాయి, నీ పక్కన కూర్చుని కొమ్ములు ఏరడం నాకూ వచ్చు. ఊరు మాట్లాడదంటారా, మాట్లాడకపోనీ. మనిద్దరం మాట్లాడుకునేది చాలదా?

నీకు కొన్ని మాటలు చెబుతాను, గట్టిగా పట్టుకో. ఆ కాగితాన్ని పొయ్యిలో పెడతానన్నావు, పెట్టకు. వకీలమ్మకు అసలుది కావాలి. నా భూమి పాసుబుక్కు ఎవరికీ ఇవ్వకు. ఎవరు ఏ కాగితం తెచ్చినా వేలిముద్ర వెయ్యకు. రాజేందర్ వస్తే మాత్రం గడపలో నిలబెట్టి కొట్లాడకు. మంచినీళ్లివ్వు, చాయ్ పెట్టు, బిడ్డను చూడనివ్వు. చూసే హక్కు ఆయనకూ ఉంది. నీ నోరు నాకు తెలుసు కాబట్టి మళ్లీ చెబుతున్నాను, కొట్లాడకు.

అక్కా, ఇది రాయడానికి రెండు కాగితాలు చింపేశాను. చిన్నపిల్ల చేత ఇవన్నీ చదివించడమేమిటని, పక్కింటి వాళ్ల చేత చదివించుకొమ్మని మొదట రాశాను. తర్వాత ఆలోచిస్తే, మూడేళ్ల కింద మనం చేసిన తప్పే అది. దాని సంగతి దానికి చెప్పకుండా పది మందికి చెప్పాం. ఇక్కడి నుంచి దానితో మాట్లాడతాను, నువ్వు విను.

సహస్రా, నువ్వు అడిగింది నిజమే బిడ్డా. నిన్ను కూడా పంచుకున్నాం. ఆ రోజు నువ్వు వాకిట్లో మక్క కంకి తింటూ కూర్చున్నావు. లోపల ఇంతమంది పెద్దవాళ్లం ఉండి, ఆ పిల్లను ఒక మాట అడుగుదామని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. అందుకు నన్ను క్షమించు.

మీ డాడీ చెడ్డవాడని నేను నీకు చెప్పను. నా మీద చెయ్యెత్తిన మనిషే నిన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని సిద్ధుల గుట్ట ఎక్కించాడు. నీకు ఇప్పటికీ ఆయనంటే ఇష్టమని నాకు తెలుసు. ఆ ఇష్టాన్ని నా కోసం దాచుకోకు. జడ్జి మేడమో, సారో నిన్ను లోపలికి పిలుస్తారు. నేను బయట బల్ల మీద కూర్చుని ఉంటాను. నీ మనసులో ఉన్నది చెప్పు. నేనేమనుకుంటానో అని తలుపు దిక్కు చూడకు. నువ్వు నా పేరు చెప్పాలని నాకు ఎంత ఆశ ఉందో దాచను, దాస్తే అది ఇంకో ఛార్జింగ్ అబద్ధమవుతుంది. కానీ నువ్వు మీ డాడీ పేరు చెప్పినా, లోపలి నుంచి వచ్చిన నిన్ను ముందు కావలించుకునేది నేనే.

అక్కా, ఇక ఆపుతాను. నీ దీవెన నాకు కావాలి, వచ్చాక నీ పచ్చ చెయ్యి నా తల మీద పెట్టు. బావకు నమస్కారాలు. మన వాడకట్టులో అడిగిన వాళ్లందరికీ, అడగని వాళ్లకూ పద్మ వస్తోందని చెప్పు. నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను.

ఇట్లు,
ఆ కాగితం మీద రాజేందర్ భార్య అని సంతకం పెట్టి, దీని మీద సహస్ర తల్లి అని పెడుతున్న
పద్మ

సహస్రా, ఈ పేజీ కింద సగం ఖాళీగా వదిలాను. నీకేం కావాలో ఆ జాగాలో రాసి, చించి, రాజన్న చేతికియ్యి. ఇప్పుడే తేల్చుకోనక్కర లేదు. తెలియదు అని రాసినా సరే, నా మీద కోపమొచ్చిందని రాసినా సరే. కానీ అన్నిటికంటే ముందు, అందరికంటే పైన, నీ పేరు రాయి.