వేలు దిగని దుంప

ప్రియమైన అమ్మకు,

ఇక్కడ అమ్మమ్మ, చెల్లి ఓర్నెల్లా, నేను ప్రాణాలతో ఉన్నాం. ఉబంగి నదికి ఆ ఒడ్డున, పొరుగు దేశంలో, నువ్వూ అలాగే ఉన్నావని నమ్మి రాస్తున్నాను.

ఈ ఉదయం గుమ్మం దగ్గర ఒక జత రబ్బరు చెప్పులు చూశాను. మడమ వైపు కొత్తవాటిలా ఉన్నాయి. ముందువైపు మాత్రం వేళ్ళు నేలకు తగిలేంతగా అరిగిపోయాయి. కొంతసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. తర్వాత నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను.

బడి నడుస్తోందా అని అడిగావు. నడుస్తోంది. కాన్వెంటు సిస్టర్లు వీధి తలుపు మూసేసి, లోపలి గదిలో పాఠాలు చెప్పిస్తున్నారు. మొన్న పిల్లల చేత మన దేశపటం గీయించాను. చుట్టూ ఇతర దేశాలే, ఏ వైపూ సముద్రం లేదు. నేల కింద వజ్రాలు, బంగారం. నేల మీద కర్రపెండలం.

"వజ్రాలు మనవేనా టీచరమ్మా?" అని ఒక పిల్ల అడిగింది.

"వాటిని తవ్వేది మా నాన్నే. మనవైతే మా ఇంట్లో ఉప్పుండేది కదే" అంది వెనక బల్ల మీది పిల్ల.

అందరం నవ్వాం. అంతలో వీధిలో తుపాకులవాళ్ళ మోటారు సైకిళ్ళ చప్పుడయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. పిల్లలు బల్లల కిందికి దూరారు. నాకు దిగడం కొంచెం ఆలస్యమైంది. బళ్ళు ఆగకుండా వెళ్ళిపోయాయి.

కర్రపెండలం సంగతి రెండుసార్లు రాశావు. బొటనవేలు దిగేదాకా దుంపను నీళ్ళలోంచి తీయొద్దని. నాకు తెలుసమ్మా. మన పొలంలో ఉన్నది చేదు దుంప. అది ఎందుకొచ్చిందో అమ్మమ్మ ఇప్పటికీ చెబుతుంటుంది. "మా అమ్మ కాలంలో తెల్లదొరలకి పత్తి పండించాలి. లేకపోతే కొరడా దెబ్బలే. ఇంక జొన్న చేలోకి దిగే తీరికేదీ? ఇదయితే నాటి మర్చిపోవచ్చు. సైనికులొస్తే మట్టిలో దాక్కుంటుంది. చేదు కాబట్టి దొంగ ముట్టడు, పంది ముట్టదు." దొంగను ఆపే ఆ విషం నీళ్ళలో నానితేనే పోతుంది.

ఇప్పుడు వాగు దగ్గర తుపాకులవాళ్ళు కూర్చుంటున్నారు. ఏ పక్షమో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఒకరోజు నేనూ అమ్మమ్మా దుంపలు చూడటానికి వెళ్ళాం. వాళ్ళలో ఒకడు బుట్టలోకి తొంగిచూశాడు.

"ఏం అవ్వా, మాకేం తెచ్చావు?"

"చేదు దుంపలు నాయనా. పచ్చివే కొరుక్కో. ఏడవడానికి మీ అమ్మకి ఓ కారణం దొరుకుతుంది."

వాడు నవ్వాడు. పక్కవాడు నవ్వలేదు. తుపాకీ గొట్టంతో బుట్టను నీళ్ళలోకి తోసి, నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూశాడు. "రేపు ఈ పిల్లనొక్కదాన్నే పంపించు" అన్నాడు. మేము మళ్ళీ పగలు అటు వెళ్ళలేదు.

ఇంట్లో కుండలో నానబెట్టొచ్చు కదా అన్నావు. ఆ కుండకు నీళ్ళు తేవాల్సింది ఆ వాగు నుంచే. సిస్టర్ పెర్పెతువా జాలిపడి కాన్వెంటు బావి దగ్గర ఒక్క కుండ పెట్టుకోనిచ్చింది. అది ఇద్దరికే సరిపోతుంది. మిగతా దుంపలను ఊరి ఆడవాళ్ళందరిలాగే చీకట్లో వాగులో వేసి, వేలు దిగకముందే భయపడి తీసేస్తున్నాం. ఎండబెట్టి దంచితే పిండి తెల్లగానే ఉంటుంది. చూస్తే తేడా తెలియదు. పూర్వం పక్కన చేపో, ఎండు గొంగళిపురుగుల కూరో ఉండేది. ఇప్పుడు ఒట్టి ముద్దే.

దర్జీ భార్య జెర్మేన్ ఒక ఉదయం మంచం దిగబోయి పడిపోయింది. కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని, మునివేళ్ళు నేలకు రాస్తూ నడుస్తోంది. ఆ పిండి వల్లేనని, ఇక తగ్గదని సిస్టర్ చెప్పింది.

ఇద్దరూ వచ్చేయండి అని రాశావు. ఓర్నెల్లా వస్తోంది. ఈ ఉత్తరం దాని చేతికే ఇస్తున్నాను. రేవు దాకా దాన్ని సిస్టర్ తీసుకెళ్తుంది. అది బాగుంది, గెంతుతూనే ఉంది. కాన్వెంటు కుండలోది దానికీ అమ్మమ్మకీ మాత్రమే పెట్టాను. "నువ్వు తినవేమే?" అని అమ్మమ్మ అడిగితే బళ్ళో తిన్నానన్నాను. అమ్మమ్మ రానంటోంది. "ఆ ఒడ్డు దోమలకి నా నెత్తురు ఎందుకే?" అంటోంది.

నేను ఎందుకు రావడం లేదో చెప్పాలి. రేవుకు ముందు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. అక్కడ సిస్టర్ల బండిలో వచ్చినవాళ్ళయినా దిగి నడవాలి. తుపాకులవాళ్ళు ముఖాలు చూడరు, నడక చూస్తారు. కుంటితే అవతలి పక్షంలో తూటా తిన్న మనిషేనంటారు. పోయిన నెల ఒక కుంటి ఆవిడను అలా పక్కకు తీసుకెళ్ళారు. ఆవిడ చిన్నప్పటి నుంచీ అలాగే నడిచేదట. చెప్పినా వినలేదు. ఆవిడ తిరిగి రాలేదు.

నీకు చెప్పొద్దని ఓర్నెల్లాతో ఒట్టు వేయించుకున్నాను. కానీ అది నీ ఒళ్ళో కూర్చున్నాక ఏదీ దాచదు. అందుకే నేనే రాస్తున్నాను.

పొద్దున నేను చూసిన ఆ చెప్పులు నావే.

ఇట్లు,
ఈ ఒడ్డునున్న నీ పెద్దకూతురు
ఎద్విజ్