బోర్లించిన గ్లాసులు

నాచారం, మంగళవారం రాత్రి

ఆకాశంలోనే యుద్ధ విమానాలకు ఇంధనం నింపే ట్యాంకర్ విమానాల స్థావరం. దాన్ని ఉంచాలా, మూసేయాలా అన్నది రేపు నా నోట్‌తో తేలిపోతుంది. మూసేయమనే రాద్దామని ఈరోజు మధ్యాహ్నం ఆఖరిసారి చూసి వచ్చాను. చివరి ట్యాంకర్ వెళ్లిపోయి ఏడాది దాటింది. షెడ్లలో పావురాలు తప్ప ఏమీ లేవు.

క్యాంటీన్ యాదగిరి మాత్రం ఇంకా అక్కడే ఉన్నాడు. ఎగిరే ముందు సిబ్బంది టీ తాగి గ్లాసులు బోర్లించి వెళ్లడం, దిగాకే మళ్లీ ఎత్తడం అక్కడి ఆనవాయితీ; ముందే ఎత్తితే విమానం దిగలేదని వాళ్ల నమ్మకం. ఈరోజు బల్ల మీద ఆరు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. ఒకటి ఎత్తాను. వెచ్చగా ఉంది.

"ఎత్తకున్రి సార్! వాళ్లింకా దిగలే."

"ఎవరు యాదగిరీ?"

"పొద్దుగాల పోయిన్రు. మీరు మూసేస్తే యాడ దిగాలె వాళ్లు?"

ముసలాడికి మతి పోయిందనుకుని, ఉప్పల్ దాటేదాకా నవ్వుకుంటూనే వచ్చాను.

ఇప్పుడు నోట్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. గంట నుంచి మా మేడ మీద ఒక విమానం చుట్లు తిరుగుతూనే ఉంది. పోవడం లేదు, దిగడం లేదు.

నేనెత్తిన గ్లాసును మళ్లీ బోర్లించానా...