బడి తెరవాలని ప్రార్థన

మే నెల, గురువారం రాత్రి.

ఒళ్లు మండిపోతోంది. సాయంత్రం జాలారిపేట ప్రార్థనలో, ఎవరికేం కావాలో చెప్పమన్నాను. నూకాలమ్మ మనవరాలు లేచింది.

"అయ్యగారూ, బడి బేగి తెరవాలని పార్దన సెయ్యండి."

నేను పొంగిపోయాను. చూశారా చదువంటే ఎంత ఆశో అని అందరిచేతా చప్పట్లు కొట్టించాను.

"సదువు కాదండీ. బడిలో అన్నం, గుడ్డు పెడతారు."

అందరూ నవ్వారు. "తిండిపోతు గుంట!" అన్నాడు మా సంఘపెద్ద. నూకాలమ్మ మాత్రం తల దించుకుంది.

ఏం నవ్వు అది? చేపలు గుడ్లు పెట్టుకోవాలని సర్కారువాళ్లు సముద్రంలో వేట ఆపించారు, పడవలు ఒడ్డెక్కాయి. సరిగ్గా అప్పుడే సెలవులని బడిలో పొయ్యి ఆర్పేశారు. చేప గుడ్డు గురించి ఆలోచించిన దొరలకి, ఈ గుంటకి గుడ్డు ఎవరు పెడతారన్న ఆలోచన రాలేదా? ప్రభువా, నీకైనా వచ్చిందా?

తప్పుగా అన్నానేమో. అననీ.

రేపు ఉపవాస ప్రార్థన. ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టడమే ఉపవాసమని బైబిల్లో ప్రవక్త గొంతు చించుకున్నాడు. వాక్యం చెప్పి ఊరుకుంటే నేనూ ఆ నవ్వినవాళ్లలో ఒకణ్ణే. సంఘపెద్ద అలిగితే అలగనీ, రేపు మందిరంలో ముందు పొయ్యి వెలిగిస్తాను. పిల్లలు తిన్నాకే పాట.