బల్లకి అద్దె

నాన్నా, నేను క్షేమమే గాని ఒళ్లు మండిపోతోంది. కార్డే కదా, పోస్టుమ్యాన్ చదివితే చదవనీ.

"అద్దెలో అన్నీ కలిసే ఉన్నాయండీ" అని హాస్టల్ మేనేజరు నీతో ఫోనులో అన్నాడు కదా! వచ్చి చూస్తే మంచం కలిసింది, పరుపు కలవలేదు. నీళ్లు కలిశాయి, వేడినీళ్లు కలవలేదు. చదువుకునే బల్లకి వేరే అద్దె అన్నాడనేగా, చేతిలో ఉన్న తలుపుల పని ఆపుకుని మరీ నువ్వు నాకు బల్ల చేసి పంపావు! నిన్న అది లారీలో దిగింది. మేనేజరు దాని చుట్టూ తిరిగి చూసి, "బయటి సామాను నేల మీద పెడితే నెలనెలా చార్జీ ఉంటుందమ్మా" అన్నాడు.

"బయటిది కాదండీ, మా నాన్న చేసింది" అన్నాను.

"అయితే సొంత సామాను. దానికీ అంతే."

నేల మీద పెడితేనే కదా! ఎత్తి మంచం మీద పెట్టేశాను. కాళ్లు దాని కిందకి చాపుకునే పడుకున్నాను. కానీ రాయడానికి కూర్చుంటే గడ్డానికి తగులుతోంది. దాని కాళ్లు జానెడు తగ్గించాలి. ఊగకుండా నాలుగూ సమంగా ఎలా కోయాలో వెంటనే రాయి. నీ చిన్న రంపం నా ఉన్ని దుప్పట్లో చుట్టి పంపు, ఇక్కడ దుప్పటికీ అద్దే.

చెల్లి దగ్గు తగ్గిందా? మందు మానేయొద్దని చెప్పు. అమ్మమ్మకి దండాలు.

గది ఎలా ఉందని అమ్మ అడిగితే బాగుందనే చెప్పు. ఈ గది మొత్తానికి బాగున్నది నీ బల్లొక్కటే, నాన్నా. దాని కాళ్లే కోయాల్సొచ్చింది.

నీ పెద్దమ్మాయి