మోదకొండమ్మ గిన్నె

అనకాపల్లి, ఆదివారం

గౌరవనీయులైన సూర్యనారాయణమూర్తిగారికి, పై అంతస్తులో కొత్తగా దిగిన ఉషశ్రీ నమస్కారాలు.

పాలు పొంగించిన రోజు మా గుమ్మంలో మూతగిన్నె నిండా బెల్లం పరమాన్నం పెట్టి, తలుపైనా తట్టకుండా వెళ్ళిపోయారు. బెల్లం వ్యాపారం మీది కాబట్టి పంపింది మీరేనని ఇట్టే తెలిసిపోయింది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదంటుంది మా అమ్మ. అందుకని మాడుగుల హల్వా పెట్టాను.

ఇట్లు,
ఉషశ్రీ

తా.క. ఫోన్ నంబరు అడిగితే చనువు తీసుకున్నట్టుంటుందని ఈ చీటీ.

బుధవారం

అమ్మాయి ఉషశ్రీకి ఆశీస్సులు.

పరమాన్నం సంగతి అలా ఉంచండి. మీ హల్వా అమోఘం. మా ఇంట్లో తీపి నిలవ ఉండదు! మాకూ ఖాళీ గిన్నె పంపే అలవాటు లేదు కనుక అరిసెలు పెట్టాం.

మీ శ్రేయోభిలాషి,
సూర్యనారాయణమూర్తి

తా.క. గిన్నె తోముతూ, అడుగున చెక్కిన 'మోదకొండమ్మ' పేరు చూసి మా పనిమనిషి అమ్మణ్ణి కళ్ళకద్దుకుంది. పెద్దవాళ్ళ జ్ఞాపకం కదా.

శనివారం

మూర్తిగారికి నమస్కారాలు.

మీ ఇంట్లో తీపి నిలవ ఉండదని రాశారు కదా, ఈసారి కిలో కాజాలు కుక్కాను. మూత పడక రబ్బరు బ్యాండు వేశాను.

వినయంతో,
ఉషశ్రీ

తా.క. మోదకొండమ్మగారికి నేనూ దణ్ణం పెట్టుకున్నాను. ఆవిడ తిథి ఎప్పుడో? అడగడం బాగుండదేమో, వదిలేయండి.

మంగళవారం

అమ్మాయి ఉషశ్రీకి దీవెనలు.

ఈ వయసులో మాకింత తీపి ఎందుకమ్మా? బూరెలు పంపుతున్నాం, వేడి మీద తినండి.

మీ మేలుకోరే,
మూర్తి

తా.క. మీ ఎదురింటి నర్సమ్మగారు నాకు బి.పి. చూడటానికి వచ్చి, బల్ల మీది గిన్నె వంకే చూస్తూ ఉండిపోయింది. ఆవిడకూ తీపి ఇష్టం కాబోలు.

గురువారం

మూర్తిగారికి క్షమాపణలతో,

"ఎందుకమ్మా" అన్నారంటే కాజాలు నచ్చలేదన్నమాట. తప్పు నాదే. ఈసారి నేతి జాంగ్రీలు.

సిగ్గుపడుతూ,
ఉషశ్రీ

తా.క. ఇవీ బాగోకపోతే మొహమాటపడకండి. వేరేవి తెస్తాను.

సోమవారం

అమ్మా ఉషశ్రీ,

ఇక దాచలేను. నర్సమ్మగారు చూసేది బి.పి. కాదు, షుగర్. నిన్న మూడొందల పది. వచ్చేవారానికి దిగకపోతే ఇన్సులిన్ తప్పదన్నారు డాక్టరు. భయంగా ఉందమ్మా. "మర్యాదకి పోయి పేనం మీదకి తెచ్చుకుంటన్నారు. మీరు రాత్తారా, నన్నెళ్ళి సెప్పమంటారా?" అని అమ్మణ్ణి పట్టుబట్టి కూర్చుంది.

ఇంకో మాట. ఆ పరమాన్నం మాది కాదు, గిన్నే మాది కాదు. మీరంత సంబరంగా రాస్తే కాదనడానికి నోరు రాలేదు. మర్యాదకి కూడా సూది గుచ్చి చూసే పరీక్ష ఉంటే బాగుణ్ణు, ఎక్కడ హద్దు దాటిందో తెలిసేది.

ఇట్లు,
ఓడిపోయిన మూర్తి

తా.క. ఖాళీ గిన్నె పంపాలనే అనుకున్నాను. చెయ్యి రాక నాలుగు కరివేపాకు రెబ్బలు వేశాను.

అదే రోజు సాయంత్రం

బాబాయిగారికి,

కంగారుపడి, షుగర్ సంగతి కనుక్కుందామని గిన్నెతోనే నర్సమ్మగారి తలుపు తట్టాను. ఆవిడ గిన్నె అందుకుని, కరివేపాకు నా చేతిలో పెట్టి, అడుగు తిప్పి చూసుకుంది.

"నా గిన్నేనమ్మా. నర్సునని అందరూ నర్సమ్మంటారు గానీ, మోదకొండమ్మంటే నేనే. నువ్వు దిగిన్రోజు డూటీకి టైమైపోతంటే గుమ్మంలో ఎట్టి ఎళ్ళిపోయేను. మూర్తిగారి ఏలికి సూది గుచ్చినప్పుడల్లా బల్ల మీద అవుపడేది. మీరిద్దరూ అంత ముచ్చటగా పంపుకుంటంటే మద్దిలో నాదని ఎలా సెప్పను? ఏటనుకుంతారో అని ఊరుకున్నాను" అంది.

మన ముగ్గురిలో పెద్ద మర్యాదస్తురాలు ఆవిడే! నేనూ ఒప్పేసుకుంటున్నాను: నాకు తీపి పడదు. మీ అరిసెలూ బూరెలూ మా బ్యాంకులో పంచాను.

ఇప్పుడు గిన్నెలో ఉన్నది ఆవిడ మీకోసం చేసిన కాకరకాయ వేపుడు. "తిన్నాక కడిగి ఖాళీగా ఇమ్మను. నింపేరంటే ఈసారి లావు సూది తెత్తాను" అంది.

మీ అమ్మాయి,
ఉషశ్రీ

తా.క. తిథి అడిగానని ఆవిడకు చెప్పకండి. ఏడేళ్ళుగా ఈ మెట్ల మీదే తిరుగుతోందట, పేరేమిటని ఒక్కరూ అడగలేదట. గిన్నె మీరే తెచ్చివ్వండి. పేరు పెట్టి పిలవండి.