టర్బో పోలేదు

బిలాస్‌పూర్,
సోమవారం.

అన్నయ్యా,

బదిలీ మీద వెళ్తూ నువ్వు మా క్వార్టర్ ముందు వదిలిన స్పోర్ట్స్ కారును అమ్మకానికి పెట్టావట. బండి లాగడం లేదు, ఇంజన్‌లోకి గాలిని తోసే టర్బో పోయిందని నీకు రాసింది నేనే. గ్యారేజీ మాట నమ్మాను. డీజిల్ షెడ్‌లో ముప్పై ఏళ్లు రైలింజన్ల టర్బోలు విప్పి బిగించిన మావయ్యగారు ఇంట్లోనే ఉన్నా, ఆయన్ని అడగాలని నాకు తోచలేదు.

నిన్న ఆయనే టర్బో నుంచి ఇంజన్‌కు వెళ్లే గొట్టం విప్పి, చివరలు మూసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి, సబ్బునీళ్లు పూశారు. ఒకచోట బుడగలొచ్చాయి.

"టర్బోకి ఏటీ అవనేదమ్మా. రబ్బరు చిట్లింది. గాలంతా బయటికి పోతే బండేటి లాగుతాది?"

ఇద్దరం బజారుకు వెళ్లి పాతదానికంటే గట్టి సిలికాన్ గొట్టం తెచ్చాం. బిగించాక రతన్‌పూర్ దాకా నేనే నడిపాను. బండి దూసుకుపోయింది. ఇంటికొచ్చి ఇంజన్ ఆపబోతే చెయ్యి అడ్డుపెట్టారు.

"ఉండమ్మా, టర్బో వేడిమీదుంది. రెండు నిమిషాలు చల్లారనీ. మీ అన్నయ్య పరుగెత్తించుకొచ్చి టక్కున ఆపేసీవోడు."

"మరి అప్పుడే చెప్పలేదేం మావయ్యా?"

"అచ్ఛా, నన్నెవులడిగినారు?"

రెండు నిమిషాలయ్యాకే ఇంజన్ ఆపాను.

కొనేవాళ్లను రావద్దను. అమ్మక తప్పదంటే నాకే అమ్ము. గాలిని చల్లబరిచే కూలర్ ఇంకాస్త పెద్దది పెడితే బండి మరింత లాగుతుందట. అది అవసరమో కాదో నాకు తెలియదు. ఆయనకు తెలుసు.

నీ చెల్లెలు